నోరులేని ప్రయాణికులకు రహదారి చీట్లు

హర్యానా రాష్ట్రమునందలి రోహతక్, జీంద్, హిస్సారు ప్రాంతములలో పుట్టి పెరిగిన ముర్రా గేదెను కొని, నల్లగొండ సీమయందో కృష్ణాతీరమందో ఉన్న తన కొట్టమునకు చేర్చుకొనదలచిన తెలుగు పాడిరైతు, బేరము కుదిరి పగ్గము చేతికి వచ్చిన క్షణమున తన పని ముగిసినదని తలచుట సహజమే గాని, నిజమునకు ఆ పనిలోని కష్టతరమైన భాగము ఆ క్షణముననే ఆరంభమగుచున్నది. 44వ నంబరు జాతీయ రహదారి వెంట దక్షిణమునకు దిగివచ్చు లారీ ఢిల్లీని దాటి, ఉత్తరప్రదేశమున ఆగ్రాను, రాజస్థానమున ధోల్పూరును, మధ్యప్రదేశమున గ్వాలియరును, మరల ఉత్తరప్రదేశమున ఝాన్సీని, మరల మధ్యప్రదేశమున సాగరును, సివనీని, మహారాష్ట్రమున నాగపురమును గడచి, పెన్‌గంగ వంతెనమీదుగా ఆదిలాబాదు నేలపై అడుగిడి, హైదరాబాదు పొలిమేరకు చేరునప్పటికి పదిహేను వందల కిలోమీటర్లకు మించిన దూరము వెనుకబడియుండును. ఇన్ని రాష్ట్రముల పోలీసులకును, రవాణాధికారులకును, పశువైద్యశాఖలవారికిని, దారినిపోవు ఎవరికైనను ఆ లారీని ఆపి, ఈ పశువులెవరివి, ఎచ్చటినుండి ఎచ్చటికి పోవుచున్నవి, ఎందుకు పోవుచున్నవి అని ప్రశ్నించు అవకాశము కలదు. ఆ ప్రశ్నలకు గేదె బదులు చెప్పలేదు; డ్రైవరు సీటు వెనుక సంచిలో మడిచిపెట్టిన కాగితములు చెప్పవలెను.

ఆ కాగితములను గూర్చి రైతులలో విసుగును, వ్యాపారులలో నిర్లక్ష్యమును, కొందరు ఉద్యోగులలో అలవాటుపడిన యాంత్రికతయు కనబడుచున్నవి. వానిని ఒక సుంకము వలె, ముగించుకొని మరచిపోవలసిన తంతు వలె చూచుట మన సమాజమున పరిపాటి యైపోయినది. కాని ఆ పత్రములు లారీలో నిలుచున్న జీవి పక్షమున వ్రాయబడినవని, వానియందలి ప్రతి పంక్తి వెనుకను ఆ జీవి శరీరమునకు సంబంధించిన యేదో ఒక అనుభవసత్యము దాగియున్నదని గ్రహించినవారికి ఆ విసుగు నిలువదు. అంతియే గాక, ఆ పత్రములు ఎచ్చట ఆ జీవిని మరచి తమను తాము మాత్రమే చూచుకొనుచున్నవో కూడ స్పష్టముగా కనబడును.

ప్రయాణించుచున్న లారీలో గేదె సాధారణముగా పండుకొనదు. ప్రతి మలుపునను, ప్రతి బ్రేకునను నాలుగు కాళ్లమీద బరువును సర్దుకొనుచు, పరిచయములేని పశువుల నడుమ, తన మూత్రపురీషములతో జారుచున్న పలకలపై, రాత్రింబవళ్లు నిలుచుండును. నల్లని చర్మము, స్వేదగ్రంథుల కొరత గల జీవియగుటచే ఆవుకన్న ఎండకు త్వరగా అలసిపోవును. వేసవిలో పాలిచ్చు గేదెకు దినమునకు సుమారు 60 లీటర్ల నీరైనను కావలసియుండగా, దారిలో ధాబాయొద్ద రెండు బకెట్లు పోసి తృప్తిపడు డ్రైవరులే అధికము. పాలు పితుకనిచో పొదుగు బిగిసి వాపు వచ్చును. నెలలు నిండిన చూడిగేదె ఈసుకుపోవు ప్రమాదమును కలదు. అలసట, దాహము, భయము మూడును కలిసి శరీరములోని రోగనిరోధకశక్తిని కుంగదీయుటచేత, బయలుదేరునప్పుడు ఆరోగ్యముగా కనబడిన పశువు ఇల్లు చేరిన కొద్దిదినములలోనే జ్వరమునకో గొంతువాపునకో లోనగుట పశువైద్యులకు చిరపరిచితమైన విషయము.

పశువుల రాకపోకలపై రాజ్యము దృష్టి నిలుపుట నేటి వింత కాదు. కౌటిల్యుని అర్థశాస్త్రమునందు గో అధ్యక్షుని విధులను చెప్పిన చోట, మందలోని పశువుల సహజమైన గుర్తులను, వేసిన ముద్రలను, వర్ణమును, కొమ్ముల తీరును పుస్తకమున నమోదు చేయవలెనను నియమము కలదు. సరిహద్దును కాచు అంతపాలుడు దారిసుంకముగా పశువు తలకు అరపణమును, చిన్న జీవములకు పణమున నాలుగవవంతును తీసికొనవలెనని కూడ అందే చెప్పబడినది. మన తెలుగునాట కాటమరాజు కథ యంతయు ఆలమందల దూరప్రయాణమునుండి పుట్టినదే: కరవు తరిమినప్పుడు మందలను నెల్లూరి సీమ పచ్చికబయళ్లకు తోలుకొనిపోయిన ఆ యాదవవీరునకును, నెల్లూరిని ఏలుచున్న నల్లసిద్ధికిని నడుమ పుల్లరి విషయమై కుదిరిన ఒడంబడిక చెడి, తుదకు ఎఱ్ఱగడ్డపాటి రణమునకు దారితీసినదని ఆ గాథ చెప్పుచున్నది. ఈ ప్రాచీనవ్యవస్థలలో ప్రధానముగా లెక్కకు వచ్చినవి రాజునకు రావలసిన ఆదాయమును, యజమానునకు గల హక్కును. దారిలో పశువు పడు బాధను కొలిచి, దానికి చదరపుమీటర్లలోను గంటలలోను హద్దులు నిర్ణయించుట మాత్రము ఇటీవలి కాలపు వివేకము.

ఆ వివేకము మన దేశమున శాసనరూపము దాల్చుటకు రుక్మిణీదేవి అరండేల్ చేసిన కృషిని స్మరింపక ముందునకు పోరాదు. నాట్యకళకు చేసిన సేవచే లోకమెఱిగిన ఆ విదుషీమణి, రాజ్యసభలో నియుక్త సభ్యురాలిగా ఉండి, ఆంగ్లేయుల కాలమునాటి 1890 చట్టము చాలదని వాదించి, జంతుహింసా నివారణకై స్వయముగా ఒక బిల్లును ప్రవేశపెట్టెను. ప్రధానమంత్రి నెహ్రూ ప్రభుత్వమే ఒక సమగ్రమైన శాసనమును తెచ్చునని హామీ ఇచ్చిన మీదట ఆమె దానిని ఉపసంహరించుకొనగా, ఆ హామీయే 1960 నాటి జంతుహింసా నివారణ చట్టమైనది; 1962లో ఏర్పడిన జంతుసంక్షేమ మండలికి ఆమెయే తొలి అధ్యక్షురాలు. ఏ వాహనమునందైనను అనవసరమైన నొప్పి కలుగునట్లు జంతువును తరలించుట నేరమని ఆ చట్టములోని 11వ విభాగము చెప్పినది. నొప్పి యనగా ఏమి, అది ఎప్పుడు అనవసరమగును అను వివరమును 1978 నాటి జంతురవాణా నియమములు సమకూర్చినవి.

ఆ నియమములను ఓపికగా చదివినవారికి, వానిని వ్రాసిన వ్యక్తి యెవరోగాని, పశువుల బండి యెక్కి ప్రయాణించినవాడో, కనీసము అట్టి బండి దిగిన పశువులను కండ్లార చూచినవాడో అయియుండునని తోచకమానదు. రోడ్డునగాని రైలునగాని పశువులను పంపునపుడు, అవి ప్రయాణమునకు తగిన స్థితిలో ఉన్నవనియు, అంటువ్యాధులు లేవనియు, టీకాలు వేయబడినవనియు అర్హతగల పశువైద్యుడు ఇచ్చిన ధ్రువపత్రము వెంట ఉండవలెను. అది లేనిచో రవాణాదారుడు సరకును స్వీకరింపక తిరస్కరించి తీరవలెను. పంపువాని పేరు, చిరునామా, టెలిఫోను నంబరు, అందుకొనువాని వివరములు, పశువుల సంఖ్య, రకము, వెంట ఉంచిన మేత పరిమాణము ఎఱ్ఱని పెద్ద అక్షరములతో వ్రాసి అంటింపవలెను. ప్రథమచికిత్స సామగ్రి ఉండవలెను. మేతయు నీరును పెట్టిన పిమ్మటనే ఎక్కింపవలెను. చూలు ముదిరిన వానిని పడుచు పశువులతో కలుపరాదు. ప్రతి లారీలో ఒక పరిచారకుడు ఉండవలెను. పాడిపశువులను దినమునకు రెండు పర్యాయములైనను పితికి, దూడలకు పాలు పట్టవలెను. లారీనేల జారకుండ కొబ్బరిపీచు చాపయో కొయ్యపలకలో పరువవలెను. పశువులు బెదరకుండుటకు వీలైనంతవరకు ఇంజనువైపు మొగము పెట్టి నిలుపవలెను. వానితోపాటు వేరొక సరకును నింపరాదు.

రైలు బండికి సంబంధించిన భాగమైతే గడచిన యొక యుగమును మన కన్నులకు కట్టించును. పెట్టె నేలపై 6 సెంటీమీటర్ల మందమున గడ్డి పరువవలెనని, పశువుల పెట్టెలను రైలు నడుమ తగిలింపవలెనని, ఇంజనునుండి ఎగసివచ్చు నిప్పురవ్వలు లోన పడకుండ పైతలుపునకు ఇనుపజల్లెడ బిగింపవలెనని, పెట్టెలో వంట చేయరాదని, చిమ్నీ లేని లాంతరు పెట్టరాదని ఆ నియమములు ఆజ్ఞాపించుచున్నవి. బొగ్గు ఇంజనులు పోయి దశాబ్దములు గడచినవి. టీకాల ప్రస్తావనలో పేరుపెట్టి చెప్పబడిన ముసరవ్యాధియు పోయినది: మన దేశమున 1954లో దానిపై జాతీయస్థాయి పోరు మొదలుకాగా, 2006లో భారతదేశము ఆ వ్యాధినుండి విముక్తమైనదని అంతర్జాతీయముగా గుర్తింపబడెను, 2011లో భూమండలమునుండియే అది నిర్మూలమైనదని ప్రకటింపబడెను. మానవజాతి తుదముట్టించిన పశురోగములలో ఇదియే మొదటిది. నిప్పురవ్వలను, ముసరను గూర్చిన ఆ పంక్తులను ఎవరైనను కొట్టివేసినను నష్టములేదు గాని, ఆ పంక్తులు వ్రాసినవారి శ్రద్ధ నేటి నియమకర్తలకు అబ్బినచో ఎంతో మేలు.

సంఖ్యల విషయము కొంత నిదానముగా చూడదగియున్నది. పశువు ఒక్కింటికి సగటున 2 చదరపుమీటర్లకు తగ్గని చోటు ఉండవలెనని, ఏ గూడ్సువాహనమునను 6 పశువులకు మించరాదని, బ్రాడ్‌గేజి రైలుపెట్టెలో 10 పెద్దపశువులకుగాని 15 దూడలకుగాని మించరాదని 1978 నియమములు చెప్పినవి. గొఱ్ఱెలు, మేకల విషయమున, నాలుగున్నర లేక ఐదు టన్నుల లారీలో 40కి మించరాదన్నవి. 2015లో కేంద్ర మోటారువాహన నియమములకు చేసిన సవరణ, 2016 జనవరి 1వ తేదీనుండి అమలులోనికి వచ్చి, పశువులను తీసికొనిపోవు వాహనమున శాశ్వతముగా అరలు కట్టి, ఒక్కొక్క జీవిని ఒక్కొక్క అరలో నిలుపవలెనని, ఆ అర ఆవుకు గేదెకు 2 చదరపుమీటర్లకు, గుఱ్ఱమునకు 2.25కు, పందికి 0.6కు, గొఱ్ఱెకు మేకకు 0.3కు తగ్గరాదని శాసించినది. 6 పశువులను 2తో హెచ్చించినను, 40 గొఱ్ఱెలను 0.3తో హెచ్చించినను వచ్చు మొత్తము ఒక్కటే, 12 చదరపుమీటర్లు. మొదటి నియమకర్తల మనస్సులో ఉన్నది ఏ పరిమాణముగల లారీయో దీనినిబట్టి ఊహింపవచ్చును. నేడు అంతకన్న ఎంతో పొడవైన వాహనములు రహదారులపై తిరుగుచున్నవి. వానిలో ఎనిమిదింటినో పదింటినో అదే సౌకర్యముతో నిలుపుటకు చోటున్నను, ఆరు అను అంకె మాత్రము అట్లే ఉన్నది. చోటును కొలిచి చెప్పిన నియమము వాహనముతోపాటు ఎదుగును. తలలను లెక్కించి చెప్పిన నియమము ఎదుగజాలదు. ఈ రెండవ నియమమును సవరించి మొదటిదానిని కఠినముగా అమలుపరచుట పశువునకును రైతునకును కూడ మేలని నా దృఢమైన అభిప్రాయము.

ఏలయన, ఒకే లారీలో పదిహేనింటిని, ఇరువదింటిని కుక్కు దురాచారమునకు మూలము క్రౌర్యము మాత్రమే కాదు. కిరాయి లెక్కయు అందు కలదు. పశువులకై అరలు కట్టించిన వాహనమున ఇతర సరకులు నింపరాదు గనుక, పంజాబు గోధుమయో హర్యానా బియ్యమో వేసికొని వచ్చు లారీవలె అది రెండువైపులను సంపాదింపలేదు. పోవునప్పుడు వట్టిగా పోవలసినదే. మూడువేల కిలోమీటర్ల డీజిలు ఖర్చును, డ్రైవరు బత్తెమును, టోలుగేట్ల రుసుములను ఆరు గేదెలపై పంచునపుడు ఒక్కొక్కదానిపై పడు భారము చిన్నరైతు వెన్ను విరుచును. ఇక నియమమును మీరినవానికి పడు శిక్షయో? 1960 చట్టము ప్రకారము తొలి నేరమునకు జుల్మానా 10 రూపాయలకు తగ్గక 50 రూపాయలకు మించదు. మూడేండ్లలోపల మరల చేసినచో 25 నుండి 100 రూపాయలు, లేదా మూడుమాసములవరకు కారాగారము, లేదా రెండును. అరువది యేండ్లకు పూర్వము 50 రూపాయలు ఒక కుటుంబపు నెలబత్తెముతో సాటి కావచ్చును. నేడది దారిలో ఒక పూట భోజనమునకు చాలదు. ధర్మముగా తెచ్చుటకు వేలును, అధర్మముగా తెచ్చుటకు 50 రూపాయలును ఖర్చగు ఏర్పాటులో ధర్మమార్గమున నడచు రైతు అభినందనీయుడే గాని, అట్టివారి మంచితనముపైననే వ్యవస్థను నిలుపబూనుట ప్రభుత్వమునకు తగదు.

వైద్యుని ధ్రువపత్రమునకు తోడుగా మరియొక పత్రమును నియమములు కోరుచున్నవి. ఆ తరలింపునకు సంబంధించిన కేంద్ర, రాష్ట్ర చట్టములన్నియు పాటింపబడినవనియు, చట్టవిరుద్ధమైన ప్రయోజనమునకై పశువులు పోవుటలేదనియు అధికారము పొందిన వ్యక్తి లేక సంస్థ ఇచ్చు నిర్ధారణ అది. ఈ రెండవ పత్రము వెనుక ఉన్నది వధకు సంబంధించిన ప్రశ్న. తెలుగు రాష్ట్రములు రెండింటను 1977 నాటి గోవధ నిషేధ, పశుసంరక్షణ చట్టము అమలులోనున్నది. దాని ప్రకారము ఆవులను, దూడలను వధించుట నిషిద్ధము, ఇతర పశువులకు అధికారి ధ్రువీకరణ కావలెను. రాష్ట్రమునకొక తీరుగా చట్టములున్నందున, ఒకచోట చెల్లిన కాగితము సరిహద్దు దాటినంతనే చాలదనిపించుకొనుటయు కలదు. ఇంకను శోచనీయమైన విషయమేమనగా, ఈ పత్రములను అడుగు అధికారము తమకున్నదని తమంత తామే ప్రకటించుకొన్న గుంపులు రహదారులపై లారీలను ఆపుచుండుట. 2017 ఏప్రిలు మాసమున, జైపూరు సంతలో పాడియావులను కొని, రశీదులతో స్వస్థలమునకు మరలుచున్న హర్యానా పాడిరైతు ఒకడు ఆళ్వారు జిల్లాలో గుంపు కొట్టిన దెబ్బలకు ప్రాణములు విడిచెను. పత్రము చూచి పశువును విడిచిపెట్టుట, అనుమానమున్నచో చట్టప్రకారము స్వాధీనము చేసికొని గోశాలకో ఆశ్రయమునకో పంపుట పోలీసుల పని, న్యాయస్థానముల పని. వేరెవరి చేతిలోని కఱ్ఱకును అందు చోటులేదు. ఈ మాటను ప్రభుత్వములు ఎంత బిగ్గరగా చెప్పినను అధికము కాదు.

లారీలు రాకపూర్వము పశువులు నడచియే వచ్చినవి. నేటికిని మహబూబునగరు సీమ గొల్లకురుమలు వేసవి వచ్చినంతనే మందలను తోలుకొని కృష్ణానది దిగువకు, నల్లమల అంచులకు పోవుచున్నారు. కాలినడకకు వేరుగ 2001లో నియమములు ఏర్పడినవి. ఊరి పొలిమేరనుండి గమ్యమునకు 5 కిలోమీటర్లు, అంతకు మించిన దూరమున్నచో ఇవి వర్తించును. ఆవులు, గొఱ్ఱెలు, మేకలు దినమునకు 30 కిలోమీటర్లకు, గేదెలు 25కు, దూడలును పిల్లలును 16కు మించి నడువరాదు. పెద్దవానికి నడక ఎనిమిది గంటలే, అందును రెండేసి గంటలకు నీరు, నాలుగేసి గంటలకు మేత. ఈని మూడు దినములైనను గడువని తల్లిని, బొడ్డు మానని పిల్లను, గ్రుడ్డిదానిని, కుంటిదానిని నడిపింపరాదు. మెడకు తప్ప ముక్కునకు గాని కాళ్లకు గాని త్రాడు కట్టరాదు. కొరడా, కఱ్ఱ ప్రయోగించి తోలరాదు. కదలని పశువునకు కారము పూయుట వంటి పైశాచికకృత్యమును పేరుపెట్టి నిషేధించినారు. ఇంతవరకు ప్రతి అక్షరమును శిరసావహింపదగినదే. కాని ఆవులకును గేదెలకును 30 డిగ్రీలకు మించిన ఉష్ణోగ్రతలో నడక కూడదను నియమము కూడ అందున్నది; ఫాల్గుణము దాటినది మొదలు పగటివేళ 30 డిగ్రీలకు దిగని తెలంగాణమున, రాయలసీమలో ఈ హద్దును పాటింపదలచినవాడు మందను కదల్పనే లేడు. ఎండలు ముదిరి గడ్డి మాడినప్పుడే మందలు కదలవలసియుండగా, ఆ కాలముననే కదలరాదనుట కాపరి బ్రతుకును గమనింపక వ్రాసిన మాట. తెల్లవారుజామునను సంధ్యవేళను నడచి, మిట్టమధ్యాహ్నము చెట్టునీడను ఆపు మన కాపరుల అలవాటును ఆధారముగా గొని ఆ నిబంధనను తిరుగ వ్రాసినచో అది పాటింపదగినదగును.

కాలినడకకు గంటల హద్దు పెట్టిన మన నియమములు లారీ ప్రయాణము చేయు పశువునకు మాత్రము ఇన్ని గంటలకు మించి ఆపక నడుపరాదను హద్దును ఏర్పరుపలేదు. రైలున పగలు వీలైనచో దింపి, మేతనీళ్లు పెట్టి, విశ్రాంతి ఇయ్యవలెనన్నారు. రోడ్డుకు అదియు లేదు. అమెరికా దేశమున 28 గంటలకు మించి పశువులను దింపక రైలున తీసికొనిపోరాదని 1873లోనే చట్టమైనది. ఐరోపాలో పెద్దపశువులను 14 గంటలు నడిపిన పిమ్మట నీళ్లు పట్టి కనీసము ఒక గంట విశ్రాంతి ఇచ్చి, ఆ మీదటనే మరి 14 గంటలు నడుపవలెను. రోహతక్‌నుండి హైదరాబాదునకు దిగు దారిలో ఝాన్సీయొద్ద ఒకటి, నాగపురమునకు ఇవతల ఒకటి, దింపుడు గట్టు, నీటితొట్టి, నీడయు గల విశ్రాంతిస్థలములు ఏర్పరచి, అచ్చటి పశువైద్యుని సంతకము లేనిదే లారీ ముందునకు సాగరాదని నియమించినచో, ఆ ఒక్క సంతకము నేటి సంచెడు కాగితములకన్న ఆ జీవికి ఎక్కువ మేలు చేయును. మన పత్రములన్నియు బయలుదేరు చోటి స్థితిని మాత్రమే చెప్పుచున్నవి; దారిలో ఏమి జరిగినదో, ఎట్టి స్థితిలో దిగినదో చెప్పు పత్రము ఒక్కటియు లేదు.

పత్రమున్నంతమాత్రమున సత్యమున్నదనుకొనరాదనుటకు మన ముంగిటనే నిదర్శనము కలదు. 2017 జూనులో తెలంగాణ ప్రభుత్వము గొల్లకురుమలకు 75 శాతము సబ్సిడీపై ఇరువది గొఱ్ఱెలను, ఒక పొట్టేలును పంచు పథకమును ప్రారంభించి, ఆ జీవములను పొరుగు రాష్ట్రములనుండి తెప్పించినది. లక్షల సంఖ్యలో గొఱ్ఱెలు దారిపట్టిన ఆ మహాప్రయాణపు లెక్కలను పరిశీలించిన కంప్ట్రోలర్ అండ్ ఆడిటర్ జనరల్, రవాణా బిల్లులలో చూపిన వాహనముల నంబర్లలో కొన్ని మోటారుసైకిళ్లవి, ఆటోలవి, అంబులెన్సులవి అని కనుగొనెను. ఒక మోటారుసైకిలుపై మంద ప్రయాణించినట్లు వ్రాసిన కాగితముపై కూడ ఎవరో ఒకరు సంతకము చేసియుందురు గదా! ఆ సంతకము వెనుక గొఱ్ఱెను చూచిన కన్ను లేదు.

పత్రముల రెండవ ప్రయోజనము రోగనివారణ. రాజ్యాంగము పశువుల అభివృద్ధిని, వ్యాధినివారణను రాష్ట్రములకు ఒప్పగించి, రాష్ట్రమునుండి రాష్ట్రమునకు అంటువ్యాధి ప్రాకుటను నిరోధించుటను కేంద్రరాష్ట్రముల ఉమ్మడి బాధ్యతగా నిర్ణయించినది. 2009 నాటి పశువుల అంటువ్యాధుల నివారణ, నియంత్రణ చట్టము ప్రకారము, ఒక ప్రాంతమును నియంత్రితప్రాంతముగా ప్రకటించినచో, అందలి పశువుల రాకపోకలను ఆపుటకు, సరిహద్దులయందు చెక్‌పోస్టులను, క్వారంటైను శిబిరములను నెలకొల్పుటకు ప్రభుత్వములకు అధికారము కలదు. గాలికుంటు వంటి వ్యాధి లక్షణములు పైకి కనబడుటకు ముందే ఇతర పశువులకు అంటును. అందుచే కన్నులకు ఆరోగ్యముగా తోచిన పశువే ఒక గ్రామమునంతను కుంటుపరుపగలదు. 2022లో గుజరాతు, రాజస్థానములలో లంపీ చర్మవ్యాధి ఆవులను కబళించినప్పుడు సంతలను మూసి, తరలింపులను ఆపవలసివచ్చుట పాఠకులకు జ్ఞాపకముండును. 2019లో 13,343 కోట్ల రూపాయలతో ప్రారంభమైన జాతీయ కార్యక్రమము గాలికుంటును, ఈసుడు రోగమును అరికట్టుటకు ఉద్దేశింపబడినది. పశువుల చెవులకు వ్రేలాడు పసుపుపచ్చని బిళ్లపై గల 12 అంకెల సంఖ్య ఆ కార్యక్రమమున టీకా లెక్కకు ఆధారము. గాలికుంటు టీకాను పెద్దయెత్తున తయారుచేయు సంస్థలలో ఒకటియైన ఇండియన్ ఇమ్యునలాజికల్స్ మన హైదరాబాదుననే ఉన్నది.

క్వారంటైనును గూర్చి ప్రస్తావన వచ్చినది గనుక మన ఒంగోలు గిత్తల సముద్రయానమును ఇచ్చట చెప్పుట అప్రస్తుతము కాదు. పందొమ్మిదవ శతాబ్దినుండి బ్రెజిలు దేశమునకు చేరిన మన పశువులు అచ్చట నెల్లూరి పేరుతో నెలోర్ జాతియై విస్తరించినవి. 1960ల ఆరంభమున మరియొక విడత అచ్చటివారు మన దేశమునుండి పశువులను కొనిపోయినప్పుడు, ఒంగోలు సమీపమునందలి కరవది గ్రామము పేర ప్రసిద్ధమైన ఆబోతు కూడ ఆ పయనమున కలదు. ఆ పశువులను తిన్నగా తమ నేలపై దింపక, అట్లాంటికు సముద్రమధ్యమునందలి ఫెర్నాండో ది నోరోన్యా అను దీవియందు విడిగా నిలిపి, వ్యాధి ఏదియు లేదని నిర్ధారించుకొనిన పిమ్మటనే లోనికి రానిచ్చిరి. కోట్లాది పశుసంపదను కాపాడుకొనుటకు ఒక దేశము చూపిన జాగ్రత్త అది. మన పాడిరైతు పదిగేదెల కొట్టమును కాపాడుకొనుటకు అదే జాగ్రత్తను చిన్నమొత్తమున చూపవచ్చును.

ఇక ఉత్తరదేశమునకు పోదలచిన రైతు చేతనుంచుకొనవలసిన విషయములు. కొనుటకు ముందే గేదె చెవిబిళ్ల సంఖ్యను చూచి, టీకాలెప్పుడు వేసినారో విచారింపవలెను. బిళ్ల లేని పశువునకు అచ్చటనే వేయింపవలెను. అమ్మినవానినుండియో సంతనుండియో రశీదు తీసికొని, అందు బిళ్లసంఖ్యను తప్పక వ్రాయింపవలెను. రశీదుపై ఒక సంఖ్య, వైద్యుని పత్రముపై వేరొక సంఖ్య ఉన్నచో దారిలో చిక్కులు తప్పవు. వైద్యుడు పశువును చూచి సంతకము చేయుచున్నాడా, దలారి తెచ్చిన వట్టి కాగితముపై చేయుచున్నాడా అన్నది రైతు కండ్లతో చూచుకొనవలెను. లారీకి పశురవాణాకు తగిన అరలు, ధ్రువీకరణ ఉన్నవో లేవో అడ్వాన్సు ఇయ్యకముందే అడుగవలెను. తెలిసినవానిని ఒకనిని పరిచారకునిగా పంపవలెనే గాని డ్రైవరును క్లీనరును నమ్మి విడువరాదు. ఒకే కొట్టమున కనీసము వారముదినములు కలిసియున్న పశువులను కలిపి పంపవలెనని నియమములు చెప్పుచున్నవి. పది యిండ్లలో కొనిన పది గేదెలను ఆ పూటనే ఎక్కించుటకన్న, వారము అచ్చటనే నిలిపి మచ్చికపరచుట ఖర్చైనను లాభదాయకము. నెలలు నిండిన చూడిగేదెకు ధర తక్కువని ఆశపడరాదు.

లారీ ఇల్లు చేరిన దినమున గేదెను తిన్నగా పాతమందలోనికి తోలక, వేరొక పాకలో, వేరొక తొట్టితో, వీలైనచో వేరొక మనిషి చేత, మూడువారములకు తగ్గక నిలుపవలెను. తొలిరోజున దాణా తగ్గించి, నీరు కొద్దికొద్దిగా పలుమారులు త్రాపి, నీడను పండుకొననిచ్చి, జ్వరమేమైన ఉన్నదేమో ప్రతిదినము చూచుకొనవలెను. ఈలోగా సమీప పశువైద్యశాలకు రశీదును, ఆరోగ్యపత్రమును తీసికొనిపోయి, ఆ 12 అంకెల సంఖ్యకు ఎదురుగా పాత యజమానుని పేరు తొలగించి తన పేరును, తన గ్రామమును నమోదు చేయించుకొనవలెను.